మంచి మొక్క

"వాడి డ్యూటీ బట్టలు మెషీన్లో వెయ్యకు. మెషీన్ పాడవుతుంది."

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఈ మాట అన్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. మెషీన్‌కి గ్యారంటీ కాగితం ఉంది, కోడలికి లేదు, కాబట్టి మెషీన్ మీద జాలిపడడం న్యాయమే అనుకుంది. ఆ తర్వాత ఆ మెషీన్ అరిగిపోయి ఇంకొకటి కొన్నారు. చేతులు మాత్రం అవే. తెల్లవారగానే స్టవ్ మీద పాలు పెట్టి, ఆ పాలు పొంగేలోపు పెరట్లోకి వెళ్ళి భర్త విప్పి పడేసిన ముదురు నీలం చొక్కా, ప్యాంటు బకెట్లో నానెయ్యడం, వంట సగంలో వదిలి వచ్చి వాటిని బండ మీద వేసి బ్రష్షుతో రుద్దడం, జాడించడం, ఆరెయ్యడం, ఆ చేతులతోనే కూతురు చిట్టికి జడ వెయ్యడం, ఆ పైన తన ఉద్యోగానికి పరుగెత్తడం, ఇదీ ఆమె పొద్దు. మందపాటి బట్ట. తడిస్తే ఎత్తలేనంత బరువు. జేబులు తిరగేస్తే అడుగున బూడిదలాంటి పొడి పేరుకుని ఉండేది. మొదటి నీళ్ళు పలక కడిగిన నీళ్ళలా దిగేవి.

"ఏం ఉతికావో, కాలరు దగ్గర మురికి అలాగే ఉంది," అనేవాడు భర్త, చొక్కాని వెలుతురుకి పట్టి చూస్తూ. "నలుగురిలో తిరిగేవాణ్ణి. చొక్కా చూసే కదా, ఇంట్లో ఇల్లాలు ఉందో లేదో చెప్తారు."

ఊరికే అంటున్నాడనుకుంది ఆమె. ఆ మాట వెనక ఏముందో చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

భర్త బ్యాటరీల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. సీసం కరిగించి పలకలు పోసే షెడ్డు అతని చేతికింద ఉంటుంది. ఆమె పనిచేసేది ఫ్యాక్టరీల చుట్టుపక్కల మట్టినీ మొక్కల్నీ పరీక్షించే ఒక చిన్న ల్యాబులో. ఆమె జీతం వల్లే చిట్టి స్కూలు గడుస్తున్నా, ఇంట్లో దాన్ని ఉద్యోగం అనేవారు కాదు. "కోడలు గడ్డి కోయడానికి వెళ్ళింది" అని అత్తగారు ఫోన్లో చుట్టాలకి చెప్పేది. అందులో కొంత నిజం లేకపోలేదు. ఫ్యాక్టరీల గోడల పక్కన పిచ్చిగా పెరిగే ముళ్ళతోటకూర కోసుకురావడమే ఆమె పనిలో మొదటి మెట్టు. ఆ మొక్కకి ఎవరూ ఎరువు వెయ్యరు, మందు కొట్టరు, నీళ్ళు పొయ్యరు. ఉన్నచోట నేలలో ఏముంటే అది తాగి ఊరుకుంటుంది. తాగినదాన్ని దాచుకుంటుంది కూడా. అందుకే ఒక చోటు ఎంత చెడిందో తెలుసుకోవడానికి ఇలాంటి పిచ్చిమొక్కని అడుగుతారు. కోసిన ఆకుల్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం శుభ్రంగా కడిగి, రెండోది కడగకుండా, వేర్వేరుగా ఎండబెట్టి పొడి చేసి, యాసిడ్‌లో కరిగించి యంత్రానికి ఇస్తారు. కడగని ఆకు గాలిలో వచ్చి పైన పడిన దుమ్ము సంగతి చెప్తుంది. కడిగిన ఆకు లోపలి సంగతి చెప్తుంది.

అయితే ఫ్యాక్టరీ దగ్గర మొక్క ఒక్కటే ఉంటే సరిపోదు. ఎంత ఎక్కువో చెప్పాలంటే దేనికంటే ఎక్కువో చెప్పాలి. అందుకని ఏ మచ్చా లేని చోట పెరిగిన అదే రకం మొక్కని పక్కన పెట్టి పోలుస్తారు. ల్యాబులో దాన్ని 'మంచి మొక్క' అనేవారు. చేరిన కొత్తలో ఆ మంచి మొక్క కోసం ఊరి బయటికి బండి కావాలని ఆమె అడిగితే, ల్యాబు నడిపే సార్ కళ్ళజోడు మీదనుంచి చూశాడు.

"బండి ఫ్యాక్టరీలకే చాలడం లేదమ్మా. మీ ఇల్లు ఎక్కడన్నావు?"

చెప్పింది. ఊరికి రెండో కొస. చుట్టుపక్కల ఇళ్ళు తప్ప చిన్న మిల్లు కూడా లేదు. ఫ్యాక్టరీ గాలి అటు రాదు.

"ఇంకేం. మీ పెరట్లో ఈ మొక్క ఉంటే ఓ నాలుగు కొమ్మలు పట్టుకొచ్చెయ్యి."

పెరట్లో బండ పక్కన, గోడ మూలకి ముళ్ళతోటకూర గుబురుగా ఉంది. కోసుకెళ్ళింది. అలా ఆ ఇంటి మొక్క ల్యాబుకి మంచి మొక్క అయింది. ఆ ఇంట్లో తనది అని చెప్పుకునేందుకు ఏమీ లేని ఆమెకి, ఎవరికీ చెప్పకపోయినా, అదో చిన్న గర్వం కూడా. భర్త ఫ్యాక్టరీ ఏటా పరీక్షకి వచ్చేది. ఏటా ఒకే మాట. ఫ్యాక్టరీ గోడ దగ్గరి మొక్కకీ మంచి మొక్కకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ కాగితం ఫ్యాక్టరీ గేటు దగ్గర అంటించేవారు.

"చూశావా," అనేవాడు భర్త అన్నం కలుపుకుంటూ. "మా ఫ్యాక్టరీ మనింటి పెరడంత శుభ్రం."

ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

చిట్టికి అక్షరాలు నిలిచేవి కావు. పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికి తుడిచిపెట్టుకుపోయేది. కడుపునొప్పి అనేది, తలనొప్పి అనేది, ఊరికే చిరాకుపడేది. టీచరమ్మ పిలిచి, "పిల్ల చెప్తే వింటుంది గాని పట్టుకోలేకపోతోందండీ, ఇంట్లో కాస్త కూర్చోపెట్టండి" అంది. ఆ సంగతి ఇంట్లో తెలిశాక మాటలకి కొదవ లేకపోయింది.

"తల్లి ఇంటిపట్టున ఉంటే కదా, పిల్లకి చదువు రావడానికి," అంది అత్తగారు. "చెట్లూ పుట్టలూ పట్టుకు తిరిగేదానికి పుట్టింది, మొద్దు కాక మేధావి అవుతుందా?"

"మా వంశంలో మొద్దులు లేరు," అన్నాడు భర్త. "మీ వైపు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో."

ఆమె కనుక్కుంది కూడా. అదే ఆమె మీద ఆమెకి ఎక్కువ కోపం తెప్పించే సంగతి. అమ్మకి ఫోన్ చేసి, మన ఇంట్లో చిన్నప్పుడు చదువు పట్టుబడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు తను బస్సులో నిలబడి వెళ్ళడం వల్లనా, ఆకలేసినా తినకుండా అందరి తర్వాత తినడం వల్లనా, పాలు తొందరగా మాన్పించి పనిలోకి వెళ్ళడం వల్లనా అని లెక్కలు వేసుకుంది. తప్పు తనదే అన్నది ముందే తేలిపోయింది, ఏ తప్పు అన్నదే వెతుక్కోవాలి, అన్నట్టుండేది ఆమె ఆలోచన. సాయంత్రం అలిసిపోయి వచ్చి చిట్టిని ఒళ్ళో పెట్టుకుని అక్షరాలు దిద్దించేది. చిట్టి తడబడితే విసుక్కునేది. విసుక్కున్నందుకు మళ్ళీ తనే ఏడ్చేది.

ఈ ఏడు మంచి మొక్క దొరకలేదు. ఆడపడుచూ ఆమె భర్తా వస్తున్నారని అత్తగారు మనిషిని పెట్టి పెరడంతా చెక్కించేసింది.

"మూలన మొక్కలుండాలి కదా అత్తయ్యా?"

"ఆ ముళ్ళకంపా? అల్లుడి కాలికి గుచ్చుకుంటే నీ ఆఫీసు వాళ్ళొచ్చి తీస్తారా?"

ఆదివారం నాడు చిట్టిని వెంటబెట్టుకుని బస్సెక్కి, ఊరు దాటి, పొలాల మధ్య ఒక స్టాపులో దిగింది. కాలవ గట్టు మీద అదే మొక్క, అంతే గుబురుగా. కోసుకుని తెచ్చింది. ఎప్పటిలాగే కడిగింది, ఎండబెట్టింది, పొడి చేసింది. యంత్రం చెప్పిన అంకె చూసి తప్పు చేశాననుకుంది. మళ్ళీ మొదటినుంచీ చేసింది. గట్టు మీద మొక్కలో సీసం ఉందా లేదా అన్నట్టుంది. దాని పక్కన ఫ్యాక్టరీ గోడ మొక్కని పెడితే కొండా గోగుపుల్లా పక్కపక్కన పెట్టినట్టుంది.

సార్‌కి చూపించింది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇన్నాళ్ళూ లేని తేడా ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందమ్మా? నువ్వు తెచ్చిన మొక్క సరైంది కాదేమో. పోయినేటి మంచి మొక్క పొడి మిగిలి ఉంటుంది చూడు. అదే పెట్టి పోల్చేద్దాం."

మిగిలి ఉంది. ఆమె ఆ పొడిని మళ్ళీ యంత్రానికి ఇచ్చింది. ఇంటి మొక్కా ఫ్యాక్టరీ మొక్కా అక్కాచెల్లెళ్ళలా ఒకే అంకె చెప్పాయి. అప్పుడు గాని ఆమెకి తట్టలేదు. ఇన్నేళ్ళూ 'తేడా లేదు' అని రాసింది నిజమే. అంకె పెద్దదే అయినా ఈ ఊరి నేలే అంత అనుకునేవారు. ఫ్యాక్టరీ ఇల్లంత శుభ్రం కావడం వల్ల కాదు.

మర్నాడు పక్కింటావిడని అడిగి గోడకి అవతల ఉన్న మొక్కని కోసుకెళ్ళింది. మధ్యలో ఒక్క గోడ. ఆ మొక్క గట్టు మీద మొక్కంత శుభ్రంగా ఉంది. అంటే గాలి కాదు. గాలికి గోడలు తెలియవు. పోనీ దుమ్మా అనుకుంటే, తన ఇంటి ఆకు కడిగిందీ కడగందీ దాదాపు ఒక్కటే. కడిగినా పోలేదంటే పైన పడింది కాదు, వేరు తాగింది. వేరు దగ్గరికి ఎవరో తెచ్చి పోశారు. ఏళ్ళ తరబడి, రోజూ, విసుగు లేకుండా పోశారు.

ల్యాబులో సింకు ముందు నిలబడి ఆకులు కడుగుతోంది ఆమె. చేతుల మీదనుంచి నీళ్ళు జారుతున్నాయి. ఆ నీళ్ళు చూస్తూ ఉండగా చప్పున కుళాయి కట్టేసింది.

పోసింది తనే.

ఆ బట్టల్ని నానేసిన నీళ్ళు, జాడించిన నీళ్ళు, బండ మీదనుంచి వాలు చూసుకుని వెళ్ళే నీళ్ళు అన్నీ ఆ మూలకే పోతాయి. ఎవరూ నీళ్ళు పొయ్యని మొక్క అని కొత్తగా వచ్చినవాళ్ళకి పాఠం చెప్పేది తను, తన పెరటి మొక్కకి పొద్దున్నే సీసం నీళ్ళు పట్టిన తను. మొక్క సంగతి పోనీ, పీకేస్తే పోయింది. ఆ బండ పక్కన పీట వేసుకుని కూర్చుని నీళ్ళలో కాగితం పడవలు వదిలే చిట్టి సంగతేమిటి? జేబులు దులిపిన చేత్తో కలిపి పెట్టిన ముద్దల సంగతేమిటి? తలుపు దగ్గర దండెం మీద వేలాడే చొక్కా, ఆ చొక్కా కిందే పరిచిన చాప, ఆ చాప మీద దొర్లి పెరిగిన పిల్ల. పిల్లకి చదువు రానిది తల్లి చెట్లూ పుట్టలూ పట్టుకు తిరగబట్టి కాదు. ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు తల్లి వినబట్టి. మెషీన్ పాడవకూడదు కాబట్టి చేత్తో ఉతకబట్టి, ఇంట్లో ఇల్లాలు ఉందని నలుగురికీ తెలియాలి కాబట్టి కాలరు మురికి వదిలేదాకా రుద్దబట్టి. ఎంత బాగా కోడలనిపించుకుంటే అంత విషం.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. ఎప్పటిలాగే చిట్టి "నాన్నా" అని పరుగెత్తి అతని నడుం చుట్టేసి చొక్కాలో మొహం పెట్టింది. ఆమె వెళ్ళి పిల్లని లాగేసింది. చిట్టి బిత్తరపోయింది.

"ఏమైంది నీకు?" అన్నాడు భర్త.

చెప్పింది. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, ల్యాబులో చెప్పినట్టే చెప్పింది. అతను మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు, టీ అడిగాడు, అది రాకపోతే మంచినీళ్ళు తెచ్చుకున్నాడు.

"ఇదంతా గడ్డి చెప్పిందా నీకు?"

"గడ్డే చెప్పింది. మనుషులు చెప్పరు కదా."

"ఇన్నేళ్ళుగా ఉతుకుతున్నావు. నువ్వు గుండ్రాయిలా ఉన్నావుగా?"

"నా సంగతి సరే. చిట్టి ఉందా గుండ్రాయిలా?"

అతను గ్లాసు కింద పెట్టి చొక్కా కాలరు సర్దుకున్నాడు. కొత్తగా విన్నవాడి తీరు కాదది.

"ఏమండీ, ఆ బట్టలు ఇంటికి తీసుకెళ్ళొద్దని ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పలేదా మీకు?"

"చెప్పకేం. గేటు పక్కన గది ఉంది. అక్కడ విప్పి పెట్టెలో వేసి స్నానం చేసి రావాలి. వాళ్ళే ఉతికిస్తారు."

"మరి?"

"మరేంటి మరి. అక్కడ బట్టలు వేసేది ఎవరనుకున్నావు? పెళ్ళికానివాళ్ళూ, పెళ్ళాం పుట్టింటికి పోయినవాళ్ళూ. ఆ పెట్టెకి పేరే వెధవముండల పెట్టె. ఫోర్‌మన్ని నేను. నేను వెళ్ళి అందులో వేస్తే ఏమంటారు? ఇంట్లో ఉతికే దిక్కు లేదంటారు. ఇదే షెడ్డులో చేసిన మా నాన్న కూడా ఎన్నడూ వెయ్యలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అబద్ధమేమీ చెప్పడం లేదు. సిగ్గుపడడం లేదు కూడా. తన పరువు కోసం చేసిన పనిని ఆమె మెచ్చుకోవాలన్నట్టే చూస్తున్నాడు. కాలరు గురించి అన్న మాట అప్పుడు అర్థమైంది ఆమెకి. ఆ నలుగురిలో ఎవరి భార్య చేతులు ఎంత అరిగాయో చొక్కాల మీద చదువుకునేవారన్నమాట. ఆ పెట్టె అక్కడ ఖాళీగా పడి ఉంటే, ఇక్కడ తన బిడ్డకి అక్షరాలు నిలవడం లేదు.

"ఇదిగో, ఈ సంగతి రిపోర్టులో గాని రాశావంటే ఫ్యాక్టరీ మూతపడుతుంది," అన్నాడు అతను. "అప్పుడు నీ గడ్డే వండుకు తిందాం."

ఆమె మర్నాడు రిపోర్టు రాసింది. గట్టు మీద మొక్క ఎక్కణ్ణుంచి తెచ్చిందీ రాసింది. పాత మంచి మొక్క ఎందుకు పనికిరాదో, అది ఎవరి పెరట్లోదో, ఆ పెరట్లో ఎవరి బట్టలు ఉతికిన నీళ్ళు పారాయో కూడా రాసి, కింద సంతకం పెట్టింది. సార్ చదివి తలెత్తాడు.

"మీ ఆయన అక్కడే కదమ్మా?"

"అవును సార్."

"ఇంటి సంగతులు రిపోర్టుకెందుకు? ఈ పేరా తీసేద్దాం. పాత పొడితోనే పోల్చి..."

"మీరు ఎలా అయినా మార్చుకోండి సార్. మారిస్తే సంతకం మాత్రం మీరే పెట్టండి."

ఆయన కాగితం సొరుగులో పెట్టాడు. కొన్నాళ్ళు అటూ ఇటూ ఊగాడు. చివరికి తన పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు కాబట్టి రిపోర్టు ఉన్నది ఉన్నట్టే పైకి వెళ్ళింది. అది నిజాయితీ అని ఆమె పొరపాటు పడలేదు.

ఈలోగా చిట్టి రక్తం పరీక్షకి ఇచ్చింది. ఎవరి అనుమతీ అడగలేదు, స్కూలుకి అని చెప్పి తీసుకెళ్ళింది. వచ్చిన ఫలితం చూసి డాక్టరమ్మ, "ఇంట్లోకి రావడం ముందు ఆపండి. ఆపితే రక్తంలోది తగ్గుతుంది," అంది. "మరి చదువు?" అని అడిగితే, ఆవిడ చిట్టి వంక చూసి గొంతు తగ్గించి, "కొంత తిరిగి వస్తుంది. అంతా వస్తుందని మాత్రం చెప్పలేను" అంది. దారిలో చిట్టి బస్సు కిటికీలోంచి బోర్డులు కూడబలుక్కుంటూ చదవబోయింది. ఒక్కటీ పూర్తయ్యేలోపు బస్సు దాటిపోయేది. "పోనీలే అమ్మా, ఇంకోటి వస్తుంది," అంటూ ఆమె పిల్ల తలని పొట్టకి అదుముకుంది.

ఇంటికొచ్చి ఫలితం కాగితం భర్త ముందు పెట్టి, "రేపటినుంచి ఆ బట్టలు ఈ గుమ్మం దాటి లోపలికి రావు," అంది. అతను కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. మర్నాడు సాయంత్రం స్నానం చేసి మామూలు బట్టల్లో వచ్చాడు.

"అందరూ నవ్వారు," అన్నాడు చెప్పులు విడుస్తూ. "సంతోషమేనా నీకు?"

"నవ్వనివ్వండి," అంది ఆమె.

క్షమించమని అడుగుతాడేమోనని ఒక్క క్షణం చూసింది. అతను టీవీ పెట్టుకున్నాడు.

అత్తగారు మాత్రం ఇదంతా ఒప్పుకోలేదు. బట్టలు ఫ్యాక్టరీలో వదిలెయ్యడమంటే ఇంటి గుట్టు వీధిలో పెట్టడమే ఆవిడకి. అతను ఫ్యాక్టరీలో వెయ్యడం మొదలుపెట్టకముందు విడిచిన జత ఒకటి పెరట్లో బకెట్లో ఉండిపోయింది. మర్నాడు ఆవిడ చీర బిగించి, దాన్ని తనే ఉతకడానికి కూర్చుంది.

"అత్తయ్యా, ముట్టుకోకండి."

"నువ్వు రాకముందు వీడివీ నేనే ఉతికాను, మీ మామగారివీ నేనే ఉతికాను. పెళ్ళయిన మూడోనాటినుంచీ ఈ బండ దగ్గరే ఉన్నాను. నాకేమైంది?"

ఆమె దగ్గరికి వెళ్ళి, బకెట్ పక్కకి జరిపి, అత్తగారి పక్కనే గొంతుక్కూర్చుంది. చిట్టి రక్తంలో ఏముందో, అది ఎలా వచ్చిందో, ఈసారి ల్యాబు మాటల్లో కాకుండా చెప్పింది. ఆవిడ వింటూ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. సందేహిస్తున్నట్టు గోళ్ళు కూడా చూసుకుంది. బండ వైపే చూస్తూ అడిగింది.

"కడుపులో ఉన్నవాళ్ళక్కూడా తగులుతుందా?"

"తగులుతుంది అత్తయ్యా. నిలవనివ్వదు ఒక్కోసారి."

భర్తకీ అతని చెల్లెలికీ మధ్య వయసులో ఎంత ఎడం ఉందో, ఎందుకుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. ఇప్పుడు ఆవిడే ఎత్తింది.

"ముగ్గురు పోయారు నాకు," అంది. "నెలలు నిండకుండానే. ఒట్టి గొడ్డు ఒళ్ళు, కాయ నిలవని చెట్టు అన్నారు మీ మామగారు. కొట్టలేదు, తిట్టలేదు, ఆ ఒక్క మాటే. వచ్చినవాళ్ళ ముందు నవ్వుతూ అనేవారు. నిజమే కాబోలు అనుకుని నేనూ నవ్వేదాన్ని."

ఆమె ఏదో అనబోయింది. అత్తగారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"చిట్టిని మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు ఆ పరీక్షకి?"

"వచ్చే వారం."

"నేనూ వస్తాను. నా రక్తం కూడా తియ్యమను."

"ఇప్పుడు తీసి ఏం లాభం అత్తయ్యా?"

"లాభానిక్కాదు," అంది అత్తగారు. "ఆ కాగితం తెచ్చి ఆయన ఫోటో ముందు నిలబడి చదువుతాను. ఇన్నాళ్ళూ నేను విన్నాను. ఇప్పుడు ఆయన వింటాడు."